నల్ల టేపు కింద దీపం

నా భర్త ఫెయిలు చేసిన ప్రతి బండీ నా కొట్టుకు ఒక ఇంటి గిరాకీని పోగొట్టింది. కోపంతో అంటున్న మాట కాదు, లెక్క. మా ఆయన హిల్డింగ్, పట్నంలోని బండ్ల పరీక్ష కేంద్రంలో బ్రేకు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. నేను ఊళ్లో సరస్సు రోడ్డు మీద కొట్టు నడుపుతాను. కాఫీపొడి, ఊలు, మేకులు, విత్తనాలు, గాలాలు, బ్యాటరీలు, అన్నీ ఉంటాయి. ఆయన ఎవరి బండి అడుగుననో తుప్పు చూసి ఫెయిలని రాస్తే, ఆ వారం నుంచి ఆ ఇంటివాళ్లు కాఫీపొడికి పక్క ఊరు వెళ్లేవారు. తమ బండి ఆగిపోతే పొరుగింటి బండి అడిగి తీసుకుని మరీ వెళ్లేవారు. వెళ్లేది నా కిటికీ ముందు నుంచే. తల మాత్రం ఇటు తిప్పేవారు కాదు.

హిల్డింగ్‌కు ఇవేం పట్టేవి కావు. బ్రేకు పట్టకపోతే పట్టదు, బండిగలవాడు మనవాడైనంత మాత్రాన పడుతుందా అనేవాడు. మాట నిజమే. సరైన తూకం వేసేవాడి మీద నాకెప్పుడూ గౌరవమే. కానీ సరైన తూకం వేస్తూనే ఎదుటి మనిషితో రెండు మంచి మాటలు మాట్లాడవచ్చని ఆయనకు ఎవరూ నేర్పలేదు. నేర్పబోతే నామీద విసుక్కునేవాడు.

ఫిన్ ఆర్విడ్ సంగతే చూడండి. మా వైపు మనిషి పేరుకు ముందు వాళ్ల పొలం పేరు వస్తుంది. మేము బాక్ వాళ్లం, ఆర్విడ్ ఫిన్ వాడు. అతని పాత ట్రక్కులో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరేది కాదు. ఆ దీపం వెలుగుతుంటే పరీక్షలో పాసు కాదు. అందుకని అతను దాని మీద గోరంత నల్ల టేపు ముక్క అతికించి తీసుకువెళ్లాడు. హిల్డింగ్ దగ్గర అది సాగుతుందా? తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీది దీపాలన్నీ ఒక్కసారి వెలగాలి, ఆ తర్వాత ఆరిపోవాలి. వెలిగి ఆరనిది ఒక తప్పు. అసలు వెలగనిది అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే దాని వెనక మనిషి చెయ్యి ఉంటుంది. హిల్డింగ్ గోటితో టేపు ఊడదీసి, బండి దిగి, వరసలో నిలబడ్డ వాళ్లందరి ముందూ ఆర్విడ్ అరచేతిలో అతికించి, నీ వస్తువు మరిచిపోయావు అన్నాడట. ట్రక్కు ఆగిపోవడంతో ఆ చలికాలం ఆర్విడ్ పొయ్యి కట్టెలను కాలితో తోసే మంచుబండి మీద తెచ్చుకున్నాడు. ఊళ్లో ఏ విందు జరిగినా అతను ఆ టేపు కథను అభినయించి చూపించేవాడని విన్నాను. విన్నాననే అనాలి, ఎందుకంటే ఆ విందులకు మాకు పిలుపు ఉండేది కాదు.

మా ఊళ్లో మనిషి విలువ కాఫీకి ఎన్ని ఇళ్లు పిలుస్తాయన్న దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ లెక్కన నా విలువ ఏమిటో నాకు బాగా తెలుసు.

హిల్డింగ్ రిటైరయ్యాక ఊరు కొంచెం మెత్తబడింది. ఆ సమయంలోనే మా అన్న ఎడ్విన్ పోతూ పోతూ తన ఎర్రబండిని నాకు వదిలివెళ్లాడు. పైకప్పు వెనక్కి మడిచే రకం, రెండే సీట్లు. మంచులో పనికిరాదు, ఎండాకాలం బండి. అలాంటి బండ్లు మా ఊళ్లో చాలా ఇళ్లల్లో ఉన్నాయి. శరదృతువు చివర రికార్డుల్లో రోడ్డు మీద లేనట్టు రాయించి, ఏదో ఒక పశువుల సాలలో దాస్తారు. ఏప్రిల్ ఆఖరి రోజున, చలికాలాన్ని సాగనంపే వాల్‌బోరి మంట వెలిగించే సాయంత్రం, అన్నిటినీ కడిగి తుడిచి, వరస కట్టి సరస్సు చుట్టూ తిప్పుకుంటూ మంట దగ్గరికి తీసుకువెళ్తారు. ఆ వరసను నేను పెళ్లయిన నాటి నుంచీ కొట్టు కిటికీలోంచే చూశాను. 

ఈ ఏడు మార్చిలో ఆర్విడ్ భార్య సిగ్నే ఊలు కొనడానికి వచ్చింది. రంగులు చూసుకుంటూ, తల ఎత్తకుండానే అంది.

"ఈసారి నీ ఎర్రబండి కూడా తీసుకురా ఎల్నా. మా వెనకాలే రండి. తర్వాత కాఫీ మా ఇంట్లోనే."

అలాగే చూద్దాం అన్నాను, అదేదో రోజూ వచ్చే పిలుపైనట్టు. ఆమె వెళ్లాక చూసుకుంటే ఊలు ఒక ఉండ ఎక్కువ వేశాను. పొరపాటున కాదు. నా చెయ్యి కావాలనే వేసింది. దానికే నాకు మొదటిసారి సిగ్గేసింది.

బండిని దాచింది కూడా ఫిన్ వాళ్ల సాలలోనే. సాల సిగ్నే పుట్టింటి నుంచి వచ్చింది కాబట్టి అద్దె మాట్లాడింది మేమిద్దరమే, మగవాళ్లను కలపలేదు. అక్టోబరులో బండి పెట్టేటప్పుడు హిల్డింగ్ అన్నీ పద్ధతిగా చేశాడు. టాంకు నిండా పెట్రోలు పోశాడు. టైర్లలో గాలి ఎక్కువ పట్టించాడు. హ్యాండ్‌బ్రేకు వేస్తే చెమ్మకు అతుక్కుపోతుందని వెయ్యకుండా, చక్రాలకు కర్ర దుంగలు అడ్డం పెట్టాడు. బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చాడు. ఆయన తాళం తీసుకురావడానికి వెళ్లినప్పుడు నేను రెండు సీట్ల కిందా ఘాటు వాసన వేసే జూనిపర్ పొద రెమ్మలు కుక్కాను. ఎలకలు రాకుండా మా అమ్మ అటక మీద దుప్పట్ల మధ్య పెట్టేది, నేనూ పెట్టాను. ఎన్ని పడితే అన్ని, చేత్తో తోసి, చెయ్యి పట్టనిచోట గొడుగు కర్రతో తోసి.

ఏప్రిల్‌లో ఒక శనివారం సాల తలుపులు తీస్తారు. బండ్లున్న వాళ్లంతా వస్తారు, లేనివాళ్లూ వస్తారు. చెక్కబల్ల మీద ఫ్లాస్కులు, యాలకుల బన్నులు. ఒక్కొక్కరూ తమ బండి స్టార్టు చేస్తుంటే మిగతావాళ్లు కప్పులు పట్టుకుని చుట్టూ నిలబడి వ్యాఖ్యానం చేస్తారు. సగం సరదా అదే. మా వంతు వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి.

హిల్డింగ్ బ్యాటరీ బిగించి తాళం తిప్పాడు. ఇంజను నీరసంగా మూలిగి, ఎలాగో అందుకుంది. దీపాలు మాత్రం ఆరలేదు. బ్యాటరీది, ఇంజనుది, బ్రేకులది, ఎయిర్‌బ్యాగుది, అన్నీ ఎర్రగా పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి.

"ఏంటి ఇన్‌స్పెక్టరు గారూ, ఏప్రిల్లో క్రిస్మస్ చెట్టు పెట్టావు?" అన్నాడు ఆర్విడ్.

జనం కప్పుల్లోకి నవ్వారు. హిల్డింగ్ ఎవరి వైపూ చూడలేదు. అన్ని దీపాలూ ఒక్కసారి ఫిర్యాదు చేస్తే వాటిలో దేన్నీ నమ్మకూడదని, ముందు వాటికి కరెంటు ఇచ్చేదాన్ని చూడాలని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. అది నాకూ అర్థమయ్యే విషయమే. ఊరంతా ఒకేరోజు సరుకు బాగాలేదంటే తప్పు ఊరిది కాదు, గోదాముది. ఆయన బ్యాటరీని కొలిచి చూస్తే అది ముసలిదై చార్జి నిలుపుకోవడం లేదు. నేను కొట్టుకు వెళ్లి కొత్తది తెచ్చాను. దాంతో రెండు దీపాలు మిగిలాయి.

చక్రాలు జారకుండా చూసే బ్రేకు ఏర్పాటుది ఒకటి. హిల్డింగ్ జాకీ పెట్టి వెనక చక్రం లేపి, విప్పి, లోపల చక్రం వేగాన్ని కొలిచే సెన్సరు ఎదురుగా ఉండే పళ్ల చక్రం మీద తుప్పు పేరుకుందని కనిపెట్టాడు. తీగ బ్రష్షు కోసం చెయ్యి చాపితే ఆర్విడ్ తన బ్రష్షు అందించాడు. అది నేను చూశాను, సిగ్నే కూడా చూసింది. తుప్పు గీకి, చక్రం బిగించి, సాల ముందు నాలుగు గజాలు ముందుకూ వెనక్కూ తిప్పేసరికి ఆ దీపం ఆరిపోయింది. ఒకరిద్దరు తలలూపారు. నాకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. 

ఇక మిగిలింది ఎయిర్‌బ్యాగు దీపం. కూర్చున్న మనిషి బొమ్మ, ముందు గుండ్రటి ఉండ. చలికాలం దాటిన బండ్లలో ఈ తప్పు చాలావరకు సీటు కింద పసుపురంగు ప్లగ్గు దగ్గర దొరుకుతుందని చెబుతూ హిల్డింగ్ పక్క సీటు కింద చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చిన చేతిలో ఎండిన జూనిపర్ రెమ్మలున్నాయి. మళ్లీ పెట్టాడు. మళ్లీ రెమ్మలు. సూదుల్లాంటి ఆకులు ఆయన చొక్కా చేతులకు గుచ్చుకుని వేలాడుతున్నాయి. పక్కన గుట్ట పెరుగుతుంటే జనం దగ్గరికి జరిగారు.

"ఎవరు పెట్టారివి?" అన్నాడు.

నేనే అని చెప్పాను. కొట్టులో ధర చెప్పే గొంతుతో చెబుదామనుకున్నాను గానీ అలా రాలేదు.

"ఎలకలు రాలేదు కదా మరి," అన్నాడు ఆర్విడ్ బన్ను నములుతూ. "ఎలకలు చెయ్యాల్సిన పని ఈవిడే చేసేసింది."

ఈసారి నవ్వు కప్పుల్లోకి కాదు. సిగ్నే కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే ఇంకా ఘోరంగా ఉంటుందని. నేను తోసిన రెమ్మలు ప్లగ్గులోంచి ఒక వైరును ఊడదీశాయి. హిల్డింగ్ బోర్లా పడుకుని వైరు మళ్లీ ప్లగ్గులో కూర్చోబెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. లేచి తాళం తిప్పాడు. దీపం వెలిగింది, ఆరలేదు.

ఆ దీపం స్వభావమే అంత. తప్పు సరిదిద్దినా ఊరుకోదు. యంత్రం తగిలించి, గుర్తు పెట్టుకున్న తప్పును తుడిచేస్తే గాని ఆరదు. అప్పు తీర్చినంత మాత్రాన సరిపోదు, పద్దు కొట్టేసేవాడు ఉండాలి.

ఆ యంత్రం ఊరంతటికీ ఒక్కటే ఉంది. ఆర్విడ్‌ది. బన్నుల పళ్లెం పక్కనే ఉంది, తీగ చుట్టి. ఆ పొద్దున్నే ఇద్దరి బండ్లకు తగిలించాడు కూడా. అందరూ దానివైపు చూశారు. ఆర్విడ్ చూశాడు. నమలడం ఆపి హిల్డింగ్ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఒక్కమాట అడిగితే చాలు. ఇస్తాడో, నాలుగు మాటలని ఇస్తాడో, ఏదైనా ఇచ్చేవాడే. హిల్డింగ్ గుడ్డతో చేతులు తుడుచుకుని, కోటు తొడుక్కుని, పట్నంలో చేయిస్తానని చెప్పి బయటికి నడిచాడు.

పట్నంలో ఎవరికి తీరిక? మంచు టైర్లు విప్పి ఎండాకాలం టైర్లు వేయించుకునే రోజులు, ఏ షెడ్డులో అడిగినా మే సగం దాటాకే రమ్మన్నారు. మా పరీక్ష వాల్‌బోరికి ముందు రోజుకు ఖరారై ఉంది. రోడ్డు మీద లేనట్టు రాయించిన బండిని నేరుగా పరీక్ష కేంద్రానికి తప్ప మరెక్కడికీ నడపకూడదు. పాసైతేనే వరసలో చోటు. కాకపోతే నేను మళ్లీ కిటికీ దగ్గరే.

ఆర్విడ్‌ను అడగమన్నాను. అడగనన్నాడు. నేను అడుగుతానన్నాను. నువ్వు అడిగినా నేను అడిగినట్టే అన్నాడు. ఇంకో సందర్భంలో అయితే నేను వదిలేదాన్ని కాదు. బేరంలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. కానీ రెమ్మలు నావి. నావల్ల వచ్చిన నష్టానికి ఆయన పరువుతో చెల్లించమని ఏ నోటితో అడగను? ఊరుకున్నాను.

తర్వాత ఒక సాయంత్రం గల్లా లెక్క చూస్తుంటే ఏ అమ్మకానికీ చెందని చిల్లర మూలగా, విడిగా పెట్టి ఉంది. సరుకు చూసుకుంటే కొక్కేనికి వేలాడే నల్ల టేపు చుట్టల్లో ఒకటి తగ్గింది. సరిగ్గా దాని ధరే. నా భర్త ఏనాడూ కొట్టులోంచి సూది కూడా ఊరికే తీసుకోలేదు. తాను చెయ్యబోయే మోసానికి కావలసిన సరుకును కూడా రొక్కం పెట్టి కొన్నాడు.

స్టూలు మీద కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది, ఎక్కువసేపు నిలవలేదు. ఇంటికి వెళ్లి చుట్ట ఎక్కడని అడగవచ్చు. అడిగితే ఆయన మానేస్తాడు, ఆ సంగతి నాకు తెలుసు. మానేస్తే బండి ఫెయిలు. తక్కెడలో ఒకవైపు ఆయన నిజాయితీ పెట్టాను, ఇంకోవైపు సిగ్నే వెనకాల చోటు, వాళ్లింట్లో కాఫీ. ఎటు మొగ్గిందో చెప్పనక్కర్లేదు. లోపలి నుంచి కొత్త చుట్ట తెచ్చి ఖాళీ కొక్కేనికి తగిలించి, దీపం ఆర్పి ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి భోజనంలో మేము వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

పరీక్ష కేంద్రంలో ఆ రోజు వంతు డీసాది. ఆ అమ్మాయికి పని నేర్పింది హిల్డింగే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంటికి రెండుసార్లు భోజనానికి కూడా వచ్చింది, మా ఇంటికి వచ్చిన కొద్దిమందిలో ఆమె ఒకతె. మమ్మల్ని చూడగానే మొహం విప్పారింది. వరసలో మా వెనక ట్రాలీ తగిలించుకుని ఆర్విడ్ ఉన్నాడు. బండి దిగి, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

డీసా బండెక్కి తాళం తిప్పింది. నేను అద్దం పక్కనే నిలబడ్డాను. దీపాలన్నీ వెలిగాయి, ఆరిపోయాయి. ఒక చోట మాత్రం ఏదీ వెలగలేదు. ఆ అమ్మాయి కట్టేసింది. మళ్లీ తిప్పింది. ఈసారి డాష్‌బోర్డును చూడలేదు, ముందు అద్దంలోంచి హిల్డింగ్‌ను చూసింది. ఆయన టోపీ చేతిలో పట్టుకుని నేలమీద గీసిన పచ్చగీతను చూస్తున్నాడు.

ఆమె దిగింది. బ్రేకులు చూసింది, అడుగు చూసింది, పొగ కొలిచింది, టైర్లు చూసింది. అంతా నిదానంగా, దేన్నీ వదలకుండా. తర్వాత కాగితం చేతిలో పెట్టి, అంతా బాగుందండీ అంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుపడాల్సినవాళ్లం మేమిద్దరం నిలబడి ఉంటే ఆ పిల్ల పడింది.

తిరుగు దారిలో హిల్డింగ్ సరస్సు మలుపులో బండి పక్కకు తీసి ఆపాడు. ఒడ్డున మంచు కరిగి నీళ్లు, నడుమ ఇంకా బూడిదరంగు గడ్డ. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"చూసింది," అన్నాడు.

"చూసింది."

"రెండోసారి తాళం తిప్పక్కర్లేదు. మొదటిసారికే తెలిసిపోయింది. రెండోసారి నాకోసం తిప్పింది, నేనే నోరు తెరుస్తానేమోనని."

నేను ఆ కాగితాన్ని మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"తెరవలేదు," అన్నాడు.

వెనక్కి వెళ్లి చెప్పేద్దామా అన్నాను. చెబితే ఆ అమ్మాయి చూసీ చూడనట్టు పాసు చేసిందని తేలుతుందని, ఉద్యోగం పోతుందని అన్నాడు. అదీ నిజమే. మేము తీసుకున్నది మా పేరు మీద అప్పు కాదు, ఆ పిల్ల పేరు మీద. తర్వాత ఆయన, రేపు నీ ఇష్టం ఎల్నా, వెళ్దామంటే వెళ్దాం అన్నాడు.

అది ఆయన నాకు ఇచ్చిన కానుకలా లేదు. బరువు ఎక్కువై కింద పెట్టలేక నా చేతికి అందించినట్టుంది. సరే వెళ్దాం అనడానికి నా నోరు సిద్ధంగా ఉంది. 

"నాకు ఆ చోటు కావాలి హిల్డింగ్," అన్నాను. "వద్దని అబద్ధం చెప్పను. కానీ ఆ కాగితం అబద్ధం. దాన్ని చింపలేం, డీసా మునుగుతుంది. నిజం చెయ్యడం ఒక్కటే మిగిలింది. దీపం ఆరితే ఆ పిల్ల రాసింది నిజమవుతుంది. ఆర్పగలిగేది ఆర్విడ్."

"టేపు సంగతి నీకు ముందే తెలుసా?"

"కొక్కేనికి కొత్త చుట్ట తగిలించింది ఎవరనుకున్నావు?"

ఆయన నావైపు చూశాడు. మందలిస్తాడనుకున్నాను. తల తిప్పుకుని బండి స్టార్టు చేశాడు. ఇంటిదాకా ఇద్దరం ఒకే దొంగసొత్తు మోస్తున్నవాళ్లలా కూర్చున్నాం.

మర్నాడు మధ్యాహ్నం ఫిన్ వాళ్ల పెరటికి వెళ్లేసరికి బండ్లన్నీ వరసగా నిలబెట్టి తుడుస్తున్నారు. సిగ్నే చెయ్యి ఊపి తమ బండి వెనక చోటు చూపించింది. హిల్డింగ్ అక్కడ పెట్టలేదు. నేరుగా ఆర్విడ్ ముందుకు తీసుకువెళ్లి ఆపి, గోటితో టేపు ఊడదీసి, దిగాడు. నేను దిగలేదు. పైకప్పు మడిచి ఉంది కాబట్టి దాక్కోవడానికీ లేదు.

"దీపం వెలుగుతోంది ఆర్విడ్. నీ యంత్రం కావాలి."

"నిన్న పాసైందిగా?"

"టేపు వేశాను. డీసాకి దొరక్కుండా వేశాను. నేను వేస్తే ఎవరూ కనిపెట్టలేరు, ఎక్కడ చూస్తారో నాకు తెలుసు కాబట్టి."

తుడిచే గుడ్డలన్నీ ఆగిపోయాయి. ఆర్విడ్ నిన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు, తాళం రెండుసార్లు తిరగడం చూశాడు, డీసా చెవులూ చూశాడు. ఇప్పుడు ఒక్కమాట అంటే డీసా ఉద్యోగం అయిపోతుంది. హిల్డింగ్ ఆ పిల్లను కాపాడటానికి తనమీద ఇంకొంచెం బురద పూసుకుంటున్నాడని అతనికి అర్థమైందా లేదా అని నేను అతని మొహంలో వెతుకుతున్నాను.

"ఎవరూ కనిపెట్టలేనట్టు వేశావా?" అన్నాడు.

"వేశాను."

"అలా వెయ్యడం నాకు రాకపోబట్టే గదా, ఒక చలికాలమంతా కట్టెలు కాలితో తోసుకున్నది."

ఒకరిద్దరు నవ్వబోయి మానేశారు. అందరూ నవ్వి ఉంటే బాగుండేది. నవ్వు అయితే ఒక చోట ఆగుతుంది. వాళ్లంతా మర్యాదగా మళ్లీ తమ బండ్ల వైపు తిరిగారు. ఆ వీపులను చూస్తూ కూర్చోవడమే కష్టమైంది.

"ఆ రోజు నిన్ను ఫెయిలు చెయ్యాల్సిందే," అన్నాడు హిల్డింగ్. గొంతు బాగా తగ్గింది. "ఈ రోజైనా చేస్తాను. కానీ టేపు నీ చేతిలో పెట్టాల్సింది కాదు. అందరి ముందూ. అది చెయ్యాల్సింది కాదు."

ఆర్విడ్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. లోపలికి వెళ్లి యంత్రం తెచ్చి, నేను కూర్చున్న వైపు నుంచి కాకుండా అటువైపు నుంచి వంగి, స్టీరింగు కింద తగిలించాడు. బొత్తాలు నొక్కాడు. దీపం ఆరింది. కట్టేసి, మళ్లీ తిప్పి చూశాడు. అన్నీ వెలిగాయి, అన్నీ ఆరాయి. తీగ చుట్టుకుంటూ, బానే ఉంది ఇక, అని నాతో అన్నాడు. హిల్డింగ్‌తో అనలేదు. క్షమించాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినంతవరకు ఆ రోజు నుంచి అతను టేపు కథను ఎక్కడా అభినయించలేదు. అది దయో, కథలో రుచి పోయిందో చెప్పలేను.

బండిని వరసలో పెట్టాక హిల్డింగ్ తాళం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నడుపు. నాకు నడిచి రావాలనుంది."

సరస్సు చుట్టూ నడిచివచ్చేసరికి మంట చల్లారిపోతుంది. ఆయన మంట దగ్గరికి రావడం లేదు, ఇంటికి వెళ్తున్నాడు. ఇద్దరికీ తెలుసు. నేను కూడా దిగి ఆయనతో నడవవచ్చు. ఆ మాట నా మనసులోకి వచ్చింది, దాన్ని నేను చూశాను కూడా. తాళం తీసుకుని అటు సీట్లోకి జరిగాను.

సాయంత్రం బయలుదేరి పెరటి గేటు దాటేలోపే సిగ్నే తమ బండి దిగి దుప్పటి చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఈ సీటు ఖాళీయేనా?"

ఖాళీయే అన్నాను. ఆమె ఎక్కి దుప్పటిని ఇద్దరి మోకాళ్ల మీదా పరిచింది. ఆర్విడ్ హారన్ కొట్టాడు, వరస కదిలింది. ఇళ్ల ముందు జనం నిలబడి బర్చి చెట్టు కొమ్మలు ఊపుతున్నారు. నా కొట్టు ముందు నుంచి వెళ్లాం. కిటికీలో ఎవరూ లేరు. గాలికి కళ్లల్లో నీళ్లు వస్తున్నాయి. సిగ్నే తన చెల్లెలి రెండో మొగుడి గురించి ఏదో చెబుతోంది, అతను స్నానాల గదిలో నిద్రపోయాడట, ఊరంతా వెతికారట. నేను నవ్వుతున్నాను. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

మలుపు తిరిగాక హిల్డింగ్ కనిపించాడు. రోడ్డు అంచున, ఇంకా మురికి మంచు మిగిలిన వైపున నడుస్తున్నాడు. ముందు బండిలో ఆర్విడ్ నెమ్మదించినట్టనిపించింది, కానీ ఆపలేదు. హిల్డింగ్ తల ఎత్తి మా వైపు చూశాడు. ఆ క్షణంలో నా నోటినిండా నవ్వు ఉంది. మింగబోయాను, సమయం చాలలేదు. ఆయన అది చూశాడు.

చెయ్యి ఊపాల్సింది. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచాను. వరసలో వెళ్లేటప్పుడు బండి ఆపకూడదు, వెనకవాళ్లకు ఇబ్బంది. ఇది అందరికీ తెలిసిన విషయమే. సిగ్నే మాట ఆపి నా మొహం వంక చూసింది, తర్వాత దుప్పటిని నా వైపుకు ఇంకొంచెం జరిపింది.

"తర్వాత ఏమైంది?" అన్నాను. "నిద్ర లేచాక?"

ఆమె మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.